టాన్సిల్స్ తీయించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా? క్యాలెండర్ చూసి వేయవలసిన లెక్క

మా వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీలతో పాటు రెండేళ్లపాటు ఇంకో గుర్తు కూడా ఉండేది. ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నా. మా అమ్మాయికి గొంతు నొప్పి, జ్వరం కలిసి వచ్చిన రోజులవి. "నెలనెలా వస్తోంది కదమ్మా, తీయించేయండి" అని మా అత్తగారు. "మిరియాల పాలతో పోయేదానికి కత్తి దాకా ఎందుకే" అని మా అమ్మ. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చడానికి మొదలుపెట్టిన గుర్తు అది. ఏడాది చివర లెక్కపెడితే నాలుగు సున్నాలు తేలాయి. నెలనెలా అని ఇంటిల్లిపాదీ నమ్మినవి నాలుగు!

ఇది మా ఇంటి విడ్డూరమేమీ కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టరు 1978లో ఇదే చూశారు. తరచూ గొంతు ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని తల్లిదండ్రులు చెప్పిన 65 మంది పిల్లలను ఆయన బృందం దగ్గరుండి గమనించింది. చెప్పినంత తరచుగా నిజంగా జబ్బు పడ్డవారు 11 మందే. అబద్ధం ఎవరూ చెప్పలేదు. రాత్రంతా నిద్ర లేకుండా గడిపిన జ్వరం జ్ఞాపకంలో రెండింతలవుతుంది, అంతే.

నేను డాక్టరును కాను. ఈ మెట్టు ఎక్కి దిగిన తల్లిని, ఆ క్రమంలో పరిశోధనలు కాస్త గట్టిగా చదివినదాన్ని. "ఆపరేషన్ చేయిద్దాం" అని ఒక డాక్టరు, "పెద్దయ్యాక అదే తగ్గుతుంది" అని ఇంకొకరు చెప్పగా మధ్యలో నిలబడ్డవారి కోసం ఇది.

## మొదట: ఇన్ఫెక్షనా, ఊపిరా?

టాన్సిల్స్ తీయడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. ఒకటి మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్. రెండోది, టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ పెరిగి నిద్రలో ఊపిరికి అడ్డుపడటం. వీటి మీద జరిగిన పరిశోధనలు వేరు, కొలతలు వేరు, జవాబులు కూడా వేరు. పక్కింటి బాబుకు గురక కోసం చేసిన ఆపరేషన్ బాగా పనిచేసిందని మీ పాపకు గొంతు నొప్పుల కోసం చేయించడం, ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకోవడం లాంటిదే.

ఇంకో చిక్కు పేర్లలో ఉంది. కొన్ని ఇళ్లలో టాన్సిల్స్‌ను గవదలంటారు. గవదబిళ్లలు వేరే జబ్బు. అందులో వాపు చెవి కింద, దవడ పక్కన వస్తుంది. డాక్టరు దగ్గర "గవదలు వచ్చాయి" అనకుండా ఎక్కడ వాచిందో వేలితో చూపించండి.

## తూచవలసినవి

అన్నిటికన్నా ముందు సంఖ్య. పారడైజ్ పేరుతోనే ఇప్పటికీ నడుస్తున్న కొలత ఇది: ఒక్క ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి ఐదేసి సార్లు, లేదా వరుసగా మూడేళ్లు ఏడాదికి మూడేసి సార్లు. ప్రతిసారీ గొంతు నొప్పితో పాటు ఇంకొక్కటైనా కనిపించాలి: 101 డిగ్రీలు దాటిన జ్వరం, మెడలో బిళ్లలు, టాన్సిల్ మీద తెల్లని చీము పూత, లేదా గొంతు స్వాబ్ పరీక్షలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా. జలుబుతో వచ్చిన గొంతు గరగర ఈ లెక్కలోకి రాదు. మా నాలుగు సున్నాల్లో ఒకటి ఇలాగే ఎగిరిపోయింది.

తర్వాత తీవ్రత: ఎన్ని రోజులు బడి పోయింది, సెలైన్ దాకా వెళ్లిందా? దాని వెనక వయసు. చిన్నపిల్లల్లో ఇన్ఫెక్షన్లు చాలావరకు వాటంతటవే తగ్గుముఖం పడతాయి, పాతికేళ్ల వ్యక్తికి ఆ హామీ తక్కువ. చివరిది ఎవరూ అడగనిది: అర్ధరాత్రి గొంతులో రక్తం వస్తే ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరగలరు?

## ఆగి చూడటం

ఆగడమంటే ఏమీ చేయకపోవడం కాదు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింత, నీళ్లు, సున్నాలు చుట్టిన క్యాలెండర్. మిరియాల పాలు గొంతుకు హాయినిస్తాయి, దానికి అభ్యంతరమేమీ లేదు. వేలికి మిరియాల పొడో సున్నమో అద్ది టాన్సిల్స్ నొక్కే పాత వైద్యం మాత్రం దయచేసి వద్దు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనేది అలాంటి వైద్యం గురించే అయి ఉండాలి.

ఆగడానికి అండ కూడా పారడైజ్ బృందం దగ్గరే దొరుకుతుంది. బాగా తరచుగా జబ్బుపడే 187 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 1984లో వచ్చింది. ఆపరేషన్ అయిన పిల్లలకు మొదటి రెండేళ్లు ఇన్ఫెక్షన్లు స్పష్టంగా తగ్గాయి. కానీ ఆపరేషన్ లేని పిల్లల్లోనూ చాలామందికి ఏడాదికి మూడుకన్నా తక్కువసార్లే వచ్చాయి, వచ్చినవీ ఎక్కువగా తేలికపాటివే. అంత తీవ్రత లేని పిల్లల మీద అదే బృందం 2002లో ఇచ్చిన తీర్పు ఇంకా సూటిగా ఉంది: ఆ కొద్దిపాటి లాభం కోసం ఆపరేషన్‌లోని ముప్పు, నొప్పి, ఖర్చు మోయడం తగదు.

2014లో కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు పిల్లల్లో మొదటి ఏడాది లెక్క ఇలా తేలింది: ఆపరేషన్ అయినవారికి సగటున 3.0 సార్లు గొంతు నొప్పి, కానివారికి 3.6 సార్లు. ఆ మూడింటిలో ఒకటి ఆపరేషన్ తెచ్చిన నొప్పే! పేపరు మీద ఈ అంకె చూసిన రోజే మా ఇంట్లో వాదన సగం చల్లారింది.

## యాంటీబయోటిక్ కోర్సు

పిల్లల గొంతు నొప్పుల్లో స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చేవి దాదాపు మూడింట ఒక వంతు. మిగతావి ఎక్కువగా వైరస్‌లవి, వాటికి యాంటీబయోటిక్ పనిచేయదు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం ఉంటే వైరస్ వైపే మొగ్గు. అయినా మెడికల్ షాపుకు వెళ్లి "గొంతు నొప్పి" అనగానే మూడు రోజుల అజిత్రోమైసిన్ చేతిలో పడుతుంది. ఈ బాక్టీరియాలో అజిత్రోమైసిన్‌కు లొంగని రకాలున్నాయి. పెన్సిలిన్‌కు లొంగని రకం ఇంతవరకు రోగుల్లో కనబడలేదు. పాత మందే ఇక్కడ గట్టిది.

ఎన్ని రోజులు వాడాలి? స్వీడన్‌లో 433 మందితో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. పెన్సిలిన్‌ను రోజుకు నాలుగుసార్లు చొప్పున ఐదు రోజులు ఇస్తే 89.6 శాతం మందికి, రోజుకు మూడుసార్లు చొప్పున పది రోజులు ఇస్తే 93.3 శాతం మందికి నయమైంది. జబ్బు తగ్గడంలో ఐదు రోజులది తీసిపోలేదని వారి నిర్ధారణ. అయితే గొంతులోంచి బాక్టీరియా పూర్తిగా పోవడంలో పది రోజులదే పైచేయి: 90.7 శాతం, ఐదు రోజులదానికి 80.4. ఈ తేడా స్వీడన్‌కు చిన్నది, మనకు కాదు. స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి వెనకే కీళ్లవాత జ్వరం వచ్చి, గుండె కవాటాలు దెబ్బతినడం మన దేశంలో ఇంకా ఉంది. కాబట్టి డాక్టరు పది రోజులంటే పది రోజులే. మూడో రోజు జ్వరం తగ్గిందని మిగిలిన బిళ్లలు ఫ్రిజ్ మీద దాచి, వచ్చే నెల చెల్లెలికి వేయడం మానాలి.

కీళ్లవాత జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఉంటాయి. టాన్సిల్స్ తీయించాం కదా అని ఆ ఇంజెక్షన్లు ఆపకూడదు. ఒకటి రెండోదానికి బదులు కాదు.

## టాన్సిల్స్ పూర్తిగా తీయడం

పెద్దవాళ్ల విషయంలో ఇటీవలి గట్టి ఆధారం బ్రిటన్‌లోని 27 ఆసుపత్రుల్లో జరిగిన నట్టీనా అధ్యయనం. 2023లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పదే పదే టాన్సిల్స్ వాచే 453 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావారిని మందులతో నెట్టుకురమ్మన్నారు. రెండేళ్లలో గొంతు నొప్పి ఉన్న రోజులు ఆపరేషన్ వైపు మధ్యస్థంగా (అంటే అందరినీ వరుసలో పెడితే నడుమ నిలిచే అంకె) 23, మందుల వైపు 30. పైకి ఏడు రోజుల తేడానే. కానీ మొదట ఎవరి బాధ ఎంతో సర్దుబాటు చేసి చూస్తే నొప్పి రోజులు దాదాపు సగానికి తగ్గాయి. పైగా ఆపరేషన్ తర్వాతి నొప్పి కూడా ఆ 23 రోజుల్లోనే ఉంది. ఏటా ఐదారుసార్లు మంచం పట్టే యువతకు ఇది మంచి బేరమేనని నా అభిప్రాయం.

బేరానికి రెండో వైపు రక్తస్రావం. అదే అధ్యయనంలో 19 శాతం మంది ఎంతో కొంత రక్తం చూశారు. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003-04లో దాదాపు 34 వేల ఆపరేషన్ల మీద జరిగిన ఆడిట్‌లో ఆ సంఖ్య 3.5 శాతమే, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లవలసి వచ్చింది 0.9 శాతం. ఇంత తేడా ఎందుకు? మొదటిదాంట్లో అందరూ పెద్దవాళ్లు, చిన్నపాటి రక్తం కూడా లెక్కకెక్కి ఉండవచ్చు. రెండోదాంట్లో పిల్లలూ ఉన్నారు, ఆసుపత్రి లెక్కకెక్కినవే లెక్క. పెద్దవాళ్లకు ముప్పు పిల్లలకన్నా ఎక్కువన్నది మాత్రం నిజం.

ఆ ఆడిట్‌లో ఇంకో సంగతి ఉంది. కరెంటు వేడితో కోసే పద్ధతుల్లో, మామూలు కత్తితో తీసి కుట్టు వేసే పాత పద్ధతికన్నా రక్తస్రావం ఎక్కువ కనిపించింది. ఆసుపత్రి బోర్డు మీద "లేజర్", "కోబ్లేషన్" లాంటి కొత్త పరికరాల పేర్లు రాసి ఉన్నాయని మురిసిపోకండి. ఆ చేతికి ఆ పరికరంతో ఎంత అలవాటుందో అడగండి.

రోగనిరోధక శక్తి పోతుందా? ఆపరేషన్ తర్వాత చెప్పుకోదగ్గ లోపమేమీ కనబడదన్నది వైద్యుల సాధారణ అభిప్రాయం. డెన్మార్క్‌లో సుమారు 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసిన 2018 అధ్యయనం మాత్రం, చిన్నప్పుడు టాన్సిల్స్ తీసినవారికి తర్వాత ముక్కు, గొంతు జబ్బులు ఎక్కువగా ఉన్నాయంది. ఆపరేషన్ దాకా వెళ్లిన పిల్లలు మొదటినుంచీ జబ్బుమనుషులే కావచ్చు గనుక దోషమంతా కత్తిదే అనలేం. అవసరం లేనిచోట తొందరపడకపోవడానికి అదొక కారణం, అంతవరకే.

## పైపైన తగ్గించడం

టాన్సిల్ మొత్తం పెకలించకుండా, అడ్డుపడే మేరకు తగ్గించి అడుగు పొరను వదిలేసే పద్ధతి ఇది. నొప్పి తక్కువ, రక్తస్రావం తక్కువ, బడికి త్వరగా వెళ్లవచ్చు. స్వీడన్‌లో పిల్లల గురక కోసం ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే. వదిలిన భాగం కొందరిలో మళ్లీ పెరుగుతుంది, అప్పుడు రెండోసారి తప్పదు. గురకకు నేనైతే ముందు దీని గురించే అడుగుతాను. ఇన్ఫెక్షన్లకు దీని వెనక ఉన్న ఆధారం ఇంకా పలుచన.

| | ఎవరికి నప్పుతుంది | లాభం | ధర చెల్లించేది దేనితో |
|---|---|---|---|
| ఆగి చూడటం | కొలతకు తక్కువగా, తేలికగా జబ్బుపడే పిల్లలు | చాలామందికి దానంతటదే తగ్గుతుంది | ఓపిక, అప్పుడప్పుడూ పోయే బడి |
| యాంటీబయోటిక్ | స్ట్రెప్టోకాకస్ అని తేలినవారు | ఆ విడత తగ్గుతుంది, గుండెకు రక్షణ | మళ్లీ రాకుండా ఆపదు |
| పూర్తిగా తీయడం | కొలత దాటినవారు, పదే పదే జబ్బుపడే పెద్దవాళ్లు, నిద్రలో ఊపిరికి గట్టిగా అడ్డుపడేవారు | ఇన్ఫెక్షన్లు, గురక రెండూ తగ్గుతాయి | రెండు వారాల నొప్పి, రక్తస్రావం భయం |
| పైపైన తగ్గించడం | గురక ప్రధానమైన పిల్లలు | తక్కువ నొప్పితో ఊపిరి దారి | మళ్లీ పెరిగే అవకాశం |

## గురక సమస్య అయితే

ఇక్కడ క్యాలెండర్ పనికిరాదు, ఫోను పనికొస్తుంది. పిల్లవాడు గాఢ నిద్రలో ఉన్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీయండి. గురక మధ్యలో ఆగి, ఛాతీ మాత్రం ఎగిరిపడి, ఒక్కసారిగా గాలి గుంజుకుంటే అది డాక్టరు చూడవలసిన వీడియో. పగలు చిరాకు, ఆగిపోయిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, నోరు తెరిచి పడుకోవడం కూడా చెప్పండి.

నిద్ర పరీక్షలో శ్వాస ఆగుతోందని తేలిన 5-9 ఏళ్ల పిల్లలు 464 మందితో అమెరికాలో చాట్ అనే అధ్యయనం జరిగింది, 2013లో వచ్చింది. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుకు వచ్చింది, ఆగినవారిలో 46 శాతం మందికి. ఆగినవారిలోనూ దాదాపు సగం మంది! ఏకాగ్రత పరీక్షల్లో రెండు వైపులా తేడా రాలేదు. ప్రవర్తన, నిద్ర లక్షణాలు, జీవన నాణ్యత మాత్రం ఆపరేషన్ వైపు మెరుగయ్యాయి. తేలికపాటి గురక ఉన్న పిల్లల మీద 2023లో వచ్చిన పాట్స్ అధ్యయనంలోనూ ఇదే తీరు: ఏడాది తర్వాత ఏకాగ్రతలో తేడా లేదు, లక్షణాలు, రక్తపోటు మెరుగు. "ఆపరేషన్ చేయిస్తే మార్కులు పెరుగుతాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. "హాయిగా నిద్రపోతాడు" అంటే నమ్మవచ్చు.

తేలిక గురకకు ముందుగా ప్రయత్నించవలసినది ముక్కులో స్ప్రే. ఆస్ట్రేలియాలో 276 మంది పిల్లలకు ఆరు వారాలు సగం మందికి స్టెరాయిడ్ స్ప్రే, సగం మందికి ఉప్పునీటి స్ప్రే ఇచ్చారు. లక్షణాలు తగ్గింది మొదటివారిలో 44 శాతం మందికి, రెండోవారిలో 41 శాతం మందికి. ఉప్పునీరు స్టెరాయిడ్ పక్కన దీటుగా నిలబడింది. పరీక్ష ఫలితాలు చదువుతూ నేను గట్టిగా నవ్వుకున్న సందర్భం ఇదొక్కటే.

## మీరెవరు?

నాలుగేళ్ల బాబు, ఏడాదికి మూడు నాలుగు విడతలు, మధ్యలో ఆడిపాడుతున్నాడు: ఆగండి. హాస్టల్లో ఉండి ఏటా ఐదారుసార్లు పరీక్షలకు ముందే పడిపోయే ఇంటర్ అమ్మాయి: రెండేళ్ల తేదీలు పట్టుకుని సర్జన్‌ను కలవండి. టాన్సిల్ పక్కన చీముగడ్డ రెండోసారి కట్టినవారు, సంఖ్య చూడకుండానే ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. గడియారం పెట్టినట్టు మూడు నాలుగు వారాలకొకసారి జ్వరం వచ్చి, మధ్యలో పూర్తిగా బాగుండే చిన్నపిల్లలది వేరే జబ్బు కావచ్చు. అందులో టాన్సిల్స్ తీయడం బాగా పనిచేస్తుంది, కనుక పిల్లల డాక్టరుకు ఆ తేదీల వరుస చూపించండి.

నలభై దాటి, చుట్టో సిగరెట్టో గుట్కానో అలవాటుండి, ఒక వైపు టాన్సిల్ మాత్రమే పెరిగితే ఈ పోలికలేవీ మీకు వర్తించవు. క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి ఈ వారమే చెవి ముక్కు గొంతు డాక్టరును కలవండి. నోరు తెరవలేకపోవడం, చొంగ కారడం, మాట ముద్దగా రావడం ఉంటే ఈ రాత్రికే.

డబ్బు సంగతి: చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో టాన్సిల్స్ ఆపరేషన్‌కు రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది. తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ పేజీ చదవండి.

## ఆపరేషన్ వైపే మొగ్గితే

మన దగ్గర చాలామంది వేసవి సెలవుల్లో పెట్టుకుంటారు. మంచి ఆలోచనే, కానీ రెండు వారాలు పూర్తిగా ఖాళీగా ఉంచండి. గొంతులో తెల్లని పూత కడుతుంది. చూసినవారు చీము పట్టిందంటారు. అది మానుతున్న పుండు మీది పొర. చెవి నొప్పి కూడా వస్తుంది, చెవిలో ఏమీ ఉండదు, గొంతు నొప్పే నరం దారిలో అక్కడ తెలుస్తుంది. పెరుగన్నమా, ఐస్‌క్రీమా అన్నదానికన్నా గంటగంటకూ గుక్కెడు నీళ్లు తాగించడం ముఖ్యం, గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది. కోడీన్ ఉన్న మందులు పిల్లలకు ఇవ్వకూడదు, వాటితో శ్వాస మందగించే ప్రమాదం ఉందని, 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో తేల్చి చెప్పింది. ఐబుప్రొఫెన్ ఇవ్వవచ్చా అన్నది మీ సర్జన్‌నే అడగండి. 741 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో థియేటర్‌కు తీసుకెళ్లవలసినంత రక్తస్రావం దానితో 2.9 శాతం, పారాసెటమాల్‌తో 1.2 శాతం.

ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య ఆ తెల్ల పొర ఊడుతుంది. ఆలస్యంగా వచ్చే రక్తస్రావం ఎక్కువగా అప్పుడే. రాత్రి నిద్రలో పిల్లలు మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లైటు వేసి నోట్లో చూడండి, రక్తం మింగుతూ ఉండవచ్చు. ఎర్రటి రక్తం కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి. కాబట్టి ఆ రెండు వారాలు అమ్మమ్మగారి ఊరు, తిరుపతి ప్రయాణం, మేనమామ పెళ్లి ఏవీ వద్దు. పెళ్లికి ఇంట్లో ఇంకెవరినైనా పంపండి.